14 నెలల బాబు తలకు దెబ్బ: కాగితం మీద 15కు 15 ఉంది, ముందు ముందు ఎలా ఉంటుంది?

తెనాలి నుంచి ఒక అమ్మ:

మూడు వారాల కిందట మా పుట్టింట్లో బాబు అరుగు మీద నుంచి కడప బండల మీద పడ్డాడు. అరుగు నా నడుమెత్తు, దాదాపు మూడున్నర అడుగులు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. పడగానే ఏడ్చాడు, స్పృహ తప్పలేదు. అరగంటకు ఒకసారి పాలు కక్కాడు. మొదట వెళ్లిన ఆసుపత్రిలో కళ్లలోకి టార్చి వేసి చూసి, కళ్లు, మాట, కదలిక కలిపి స్పృహకు 15కు 15 అని రాసి పంపేశారు. సాయంత్రానికి కుడి చెవికి పైన బొప్పి కట్టింది. వేలు పెడితే నానిన అటుకుల్లా మెత్తగా లోపలికి దిగింది. మనసు ఒప్పక ఇంకో చోటికి తీసుకువెళ్లాం. అక్కడ సీటీ స్కాన్ తీసి, ఎముక వెంట్రుకవాసి చిట్లిందనీ, లోపల రక్తం చేరలేదనీ చెప్పారు. రెండు రాత్రులు ఉంచుకుని పంపించారు.

ఇప్పుడు మునుపటిలాగే గోడ పట్టుకుని నడుస్తున్నాడు, ‘తాతా’ అంటున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మాటలే రాని పిల్లవాడికి మాటకు పూర్తి మార్కులు ఎలా వేశారు? ఎముక చిట్లితే 15 ఎలా వస్తుంది? మా అత్తగారు ‘పసి మెదడు, అదే సర్దుకుంటుంది’ అంటారు. పక్కింటావిడ ‘చదువు అబ్బదు’ అంటుంది. ఎవరి మాట నమ్మాలి?

పిల్లల వార్డు నర్సు:

అమ్మా, పదహారేళ్లుగా పిల్లల వార్డులో పనిచేస్తున్నాను. మీరు అడిగినవి అడగవలసిన ప్రశ్నలే.

ఆ 15 గ్లాస్గో కోమా స్కేలుది. గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు 1974లో తెచ్చిన కొలత. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6. అన్నిటికన్నా తక్కువ 3. మొత్తం 13 నుంచి 15 వస్తే దెబ్బ స్వల్పం, 9 నుంచి 12 అయితే మధ్యస్థం, 8 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే తీవ్రం. పెద్దవాళ్లనైతే పేరు, ఊరు, తేదీ అడుగుతాం. పసివాళ్లకు పట్టిక వేరు. ఎప్పటిలా ముద్దుముద్దుగా శబ్దాలు చేస్తుంటే 5, చిరాకుగా ఏడుస్తూనే ఉంటే 4, నొప్పి కలిగిస్తేనే ఏడిస్తే 3, మూలిగితే 2, ఏ శబ్దమూ లేకపోతే 1. ఆకలి ఏడుపేదో చిరాకు ఏడుపేదో మాకన్నా తల్లికి బాగా తెలుస్తుంది. అందుకే నేను బిడ్డను తల్లి చంకకు ఇచ్చి కాసేపు చూశాకే అంకె వేస్తాను.

ఈ అంకె బిడ్డ ఎంత మెలకువగా ఉన్నాడో చెబుతుంది, అంతే. ఎముక సంగతి దానికి తెలియదు. చిట్లు ఉన్నా 15 రావచ్చు. రెండేళ్లలోపు పిల్లల విషయంలో మేము ఇంకొన్ని చూస్తాం. అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2009లో ప్రచురించిన, స్కాన్ ఎవరికి అవసరమో తేల్చే పెకార్న్ నియమాలవి. మగతగా, తికమకగా ఉండటం, చేతికి తగిలే చిట్లు, నుదుటి మీద కాకుండా తల పక్కన గానీ వెనక గానీ బొప్పి, అయిదు సెకన్లు గానీ ఎక్కువ గానీ స్పృహ లేకపోవడం, మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడటం, ‘వీడు ఎప్పటిలా లేడు’ అని తల్లిదండ్రులు చెప్పడం. చివరిది చూడండి, మీ మాటకు కూడా లెక్కలో చోటుంది. మీ బాబుకు బొప్పి, ఎత్తు రెండూ ఉన్నాయి. స్కాన్ తీయడం సబబే.

ఒక్కటి మరచిపోవద్దు. మూడేళ్లలోపు పిల్లల్లో అరుదుగా చిట్లు అతుక్కోకుండా నెలల తరబడి వెడల్పవుతుంది. రెండు మూడు నెలలకు ఆ చోటు తప్పక చూపించండి. ఉబ్బు తగ్గి మళ్లీ పెరిగితే అప్పటిదాకా కూడా ఆగవద్దు. ఈలోగా ఫిట్స్, ఆగని వాంతులు, లేపినా లేవనంత మగత ఏది కనిపించినా వెంటనే తీసుకువెళ్లండి.

వరంగల్ నాన్న:

అమ్మా, ముందే చెబుతున్నాను, మా అమ్మాయి అంకె 7, మీ బాబుది 15. ఆ రెంటినీ కలిపి చూసుకుని భయపడవద్దు. స్వల్పంగా దెబ్బ తగిలిన పిల్లల్లో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మీ అత్తగారి మాట గురించి మాత్రం నేను చెప్పవలసింది ఉంది, ఎందుకంటే ఆ మాటను నేనూ నమ్మాను.

మూడేళ్ల వయసులో మా అమ్మాయిని బైకు గుద్దింది. ఆరు రోజులు వెంటిలేటరు మీద ఉంది. రెండు నెలలకు తన కాళ్ల మీద నడిచి ఇంటికి వచ్చింది. ఊరంతా దేవుడి దయ అన్నారు, మేమూ అనుకున్నాం. మూడో తరగతి దాకా ఏ లోటూ కనిపించలేదు. నాలుగులో మొదలైంది. ‘చెప్పులు లోపల పెట్టు, డబ్బా కడుగు, తెలుగు పుస్తకం తీసుకురా’ అంటే చెప్పులు పెట్టి అక్కడే నిలబడేది. మిగతా రెండూ ఏమిటో తనకు గుర్తుండేవి కావు. నేను కేకలేసేవాడిని. బడిలో బద్ధకం అన్నారు. ఒకరోజు తను అర్ధరాత్రి లేచి, నా డైరీలో మర్నాటి పనులు రాసుకుంటూ కనిపించింది. ఆ రోజు నుంచి నేను కేకలు వేయలేదు.

పరీక్షలు చేయించాం. తెలివి బాగానే ఉంది, ధ్యాస, పని వేగం తక్కువ. డాక్టరు చెప్పింది ఇది: ముందుచూపుతో పని అమర్చుకునే మెదడు భాగం మూడేళ్లకు ఇంకా పూర్తిగా ఎదగదు. అక్కడ దెబ్బ తగిలితే, ఆ పని అవసరమైన వయసులోనే లోటు బయటపడుతుంది. పసి మెదడు త్వరగా కోలుకుంటుందన్న నమ్మకానికి బలమిచ్చింది 1930లలో మార్గరెట్ కెన్నర్డ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు. మెదడంతా అదిరిన తీవ్రమైన దెబ్బల్లో అది నిలబడదని తర్వాత తేలింది. పిల్లలు ఎంతవరకు కోలుకున్నారో చూడటానికి కింగ్స్ స్కేలు అని ఒకటి ఉందట. అందులో ‘బాగా కోలుకున్నారు’ అన్న మెట్టునే రెండుగా చీల్చారు, చిన్నచిన్న ఇబ్బందులు మిగిలినవాళ్లు ఒకవైపు, ఏమీ మిగలనివాళ్లు ఒకవైపు. మా అమ్మాయి ఎటువైపో ఆరేళ్లపాటు మాకు తెలియలేదు.

మీరు చేయవలసింది చిన్న పని. స్కాన్ ఫిల్ము, డిశ్చార్జి కాగితం ఒక ఫైలులో దాచండి. టీకాలకు వెళ్లినప్పుడల్లా మాట, నడక, చూపు ఎలా ఉన్నాయో అడిగి రాయించుకోండి. బడిలో ఎప్పుడైనా ఇబ్బంది వస్తే ఆ ఫైలు ముందు పెట్టండి.

తెనాలి నుంచి ఒక అమ్మ:

అన్నయ్యా, డైరీ సంగతి చదివి ఏడ్చేశాను. ఫైలు ఈ రోజే కొన్నాను, మొదటి కాగితం కూడా అందులోనే పెట్టాను. ఇప్పుడే తడిమి చూశాను, బొప్పి దాదాపు సమమైంది. నర్సమ్మా, ఒక్క ప్రశ్న. మా అమ్మ రోజూ తలకు నూనె పెట్టి మర్దన చేస్తుంది. చేయవచ్చా?

పిల్లల వార్డు నర్సు:

నూనె రాయవచ్చమ్మా. ఆ వైపు మాత్రం డాక్టరు చూసి సరే అనేదాకా నొక్కవద్దని అమ్మగారికి చెప్పండి.