జరిగిన ఘోరాన్ని జరగలేదంటే జైల్లో వెయ్యాలా? మీకు ఎదురైనవి చెప్పండి

పెన్నా గట్టు (నెల్లూరు):
అబ్బా ఒక విషయం అడగాల. మా ఇంటోళ్ళ వాట్సాప్ గ్రూపులో మా మేనమామ ఒకాయన ఉండాడు, రిటైరైన కాడ్నుంచి ఫోనే లోకం. మొన్న ఏందో వీడియో పెట్టినాడు, హిట్లర్ యూదుల్ని చంపించింది అంతా కట్టుకథంట, 60 లక్షల మంది అనేది ఉత్తదంట. నేను ఊరుకోలేక మామా ఇదే జర్మనీలో పెట్టుంటే నీ మీద కేసయ్యేది అన్నా. ఇది నెల్లూరు రా అబ్బయ్యా అని నవ్వే బొమ్మ పెట్టినాడు. అంతటితో పోయేదే, కానీ పోయిన నెల చీరాల పక్క ఒక పెళ్ళికి పోతే బంతిలో కారంచేడు దళితుల్ని చంపిన మాటొచ్చి నా పక్కనాయన, కారంచేడులో ఏముందండీ రెండు వర్గాల గొడవ, పేపర్లోళ్ళు పెద్దది చేశారు అన్నాడు, ఎదురుగా ఉండే నలుగురూ తలలూపినారు, నేను రసం పోయించుకుంటా గమ్మున ఉండిపోయినా. అప్పట్నుంచి తొలస్తానే ఉంది. ఇట్టాంటి మాటలకి మన దగ్గర కూడా చట్టం ఉండాలంటారా?

బస్టాండు బాబు:
హెల్మెట్ చట్టమే ఎవడూ పట్టించుకోడు అన్నా, ఇంక నోటికి చట్టమా.

మ్యూనిక్ మస్తాను:
నాది గూడూరు, ఈడ ఏడేళ్ళు అయింది. జర్మనీలో 130 సెక్షను అని ఉంది, 1994 నుంచి ఆ మారణకాండని కాదన్నా, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు నలుగుర్లో మాట్లాడినా 5 ఏళ్ళ దాకా వేస్తారు. మొదట్లో నాకిది అతి అనిపించింది. మన ఊళ్ళో హిట్లర్ అంటే ఏంది, బెత్తం పట్టుకునే హెడ్మాస్టరుకి పిల్లకాయలు పెట్టే పేరు, అంతే గదా. నాతో వచ్చిన మనోడొకడు ఆఫీసు పార్టీలో తమాషాకి చెయ్యి చాపి సెల్యూట్ కొట్టినాడు, హాలంతా చప్పుడు లేదు. మర్నాడు మేనేజరమ్మ పిలిచి ఇది ఇక్కడ నేరం బాబూ అని మెత్తగానే చెప్పింది, వాడు వారం రోజులు తలెత్తలా. తర్వాత ఇద్దరం హిట్లర్ కాలంలో జనాన్ని బంధించి చంపిన దాహౌ క్యాంపు చూసొచ్చినాం, మ్యూనిక్ నుంచి లోకల్ ట్రైన్లో అరగంట కూడా పట్టదు. ఆడ స్కూలు పిల్లకాయలు బ్యాచీలు బ్యాచీలుగా వస్తా ఉంటారు, మాట్లాడరు, నడుస్తా ఉంటారు. మావోడు తిరిగొచ్చేటప్పుడు ట్రైన్లో, అరే మా స్కూల్లో దీని గురించి అర పేజీ కూడా చెప్పలేదు గదరా అన్నాడు. అట్టని చట్టం ఉంటే అబద్ధాలు ఆగినాయా అంటే ఆగలా, డొంకతిరుగుడుగా మాట్లాడేవాళ్ళు ఉండనే ఉండారు. కానీ మైకు పట్టుకోని బాహాటంగా అనే ధైర్యం మాత్రం తగ్గింది. నేనైతే చట్టం ఉండాలనే అంటా.

పాత కోటు (ఒంగోలు):
నేను కోర్టులో ప్రాక్టీసు చేస్తాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా, కాస్త పెద్దదవుద్ది.

మన దగ్గర జరిగినదాన్ని జరగలేదన్నందుకు విడిగా సెక్షను లేదు. వర్గాల మధ్య ద్వేషం రేపితే బీఎన్ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, 196 ఉంది, పాత 153ఎ నే అది. ఇప్పుడు డేవిడ్ ఇర్వింగ్ అనే బ్రిటిష్ రచయిత సంగతి చూడండి. ఈయన్ని హోలోకాస్ట్ (ఆ యూదుల మారణకాండ) లేదనే మనిషని డెబోరా లిప్‌స్టాట్ అనే చరిత్రకారిణి పుస్తకంలో రాస్తే, ఈయనే లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. ఆ చట్టం ప్రకారం రుజువు భారం ఆమె మీదే పడింది. ఇర్వింగ్ రాసిన ఫుట్‌నోట్లు ఒక్కొక్కటే తీసి ఒరిజినల్ కాగితాలతో పోల్చారు, 2000లో జడ్జి ఈయన కావాలనే చరిత్రని వంకర తిప్పాడని తేల్చి రాశాడు. పరువు అక్కడ పోయింది. 2006లో ఆస్ట్రియా వాళ్ళు ఎప్పుడో 1989లో ఇచ్చిన ఉపన్యాసాలకి 3 ఏళ్ళ శిక్ష వేస్తే, ఆయనతో కోర్టులో అంత పోరాడిన లిప్‌స్టాటే ఆ జైలు మంచిది కాదంది.

ఇంకోటి. 1915లో ఒట్టోమాన్ టర్కీలో జరిగిన ఆర్మేనియన్ల ఊచకోత అంతా అబద్ధమని స్విట్జర్లాండులో అన్నందుకు పెరిన్చెక్ అనే టర్కీ నాయకుడికి శిక్ష పడితే, 2015లో యూరోపు మానవ హక్కుల కోర్టు అది తప్పంది. అదే టర్కీలో, ఆ ఊచకోత జరిగిందని రాసిన హ్రాంట్ డింక్ అనే జర్నలిస్టు మీద కేసు పెట్టి శిక్ష వేశారు, 2007లో ఇస్తాంబుల్‌లో ఆయన్ని ఒకడు కాల్చి చంపాడు. ఒక దేశంలో కాదంటే కేసు, ఇంకో దేశంలో అవునంటే కేసు. లాఠీ ఎవడి చేతిలో ఉందనేదే లెక్క. మన పోలీసులకి ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఎ ఇస్తే ఏం చేశారో చూశాంగా, 2015లో సుప్రీంకోర్టు కొట్టేసినాక కూడా ఏళ్ళ తరబడి కేసులు కడతానే వచ్చారు.

చీరాల పిల్ల:
పాత కోటు గారూ మీరు చెప్పింది చదివాను, బానే ఉంది, కానీ మీకు దూరంగా ఉంది కాబట్టి బానే ఉంది. మా పిన్ని వాళ్ళది కారంచేడు. 1985 జులై 17. దళితుల తాగే నీళ్ళ చెరువులో పెద్ద కులమోళ్ళు గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే వద్దన్నందుకు మొదలైంది, ఆరుగురు దళితుల్ని చంపారు, ఆడవాళ్ళని కూడా వదల్లేదు. ఉన్నవాళ్ళు ఉన్నట్టు చీరాల వచ్చేశారు, మళ్ళీ ఆ ఊరు పోలేదు, ఇప్పటికీ విజయనగర్ కాలనీలోనే ఉంటారు. రెండు వర్గాల గొడవ అనే మాట నేను బళ్ళో విన్నాను, బస్సులో విన్నాను, ఒకసారి బాగా చదువుకున్న ఆఫీసరు నోట విన్నాను. గొడవంటే రెండు వైపులా దెబ్బలు తగలాలి కదండీ? ఆ మాట అన్న ప్రతిసారీ మా పిన్ని మళ్ళీ అబద్ధాలకోరు అవుతుంది. నాకు వాళ్ళని జైల్లో వెయ్యాలని లేదు, కానీ ఏ శిక్షా లేకపోతే ఆ మాట ఎప్పటికి ఆగుద్దో చెప్పండి.

పాత కోటు (ఒంగోలు):
అమ్మా నీ మాట కాదనను. నాకు అడ్డం పడేది ఒక్కటే. ఇట్టాంటి చట్టానికి ముందు కోర్టు తేల్చిన నిజం ఒకటి కావాలి. కారంచేడులో కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు కొట్టేసింది, 2008లో గానీ సుప్రీంకోర్టు మళ్ళీ శిక్షలు వెయ్యలా. చుండూరులో 1991లో 8 మంది దళితుల్ని చంపితే ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. రేపు ఒకడు చుండూరులో ఏం జరగలేదంటే, కేసు పెడితే, వాడు ఆ హైకోర్టు తీర్పే తెచ్చి చూపిస్తాడు. చంపినోళ్ళు తేలలేదు అనేదాన్ని చావులే లేవు అనేదాకా లాగుతాడు.

కందుకూరు మాస్టారు:
ప్రభుత్వాలే దాచినవి ఉన్నాయి, వాటికి ఎవరి మీద పెడతారు కేసు? 1948లో హైదరాబాద్ పోలీసు యాక్షన్ తర్వాత జరిగిన చావుల మీద సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు ఇస్తే దశాబ్దాల పాటు బయటికే రానివ్వలేదు. మన సంగతికొస్తే 1876-78 ధాత కరువు. మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడిపోతుంటే కరువు పనుల్లో మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ దొర కోత పెట్టాడు, ధాన్యం మాత్రం ఓడలెక్కి పోతానే ఉంది. అప్పట్లోనే కరువు పనుల్లో మద్రాసు లోపల ముక్క తవ్వించి కాలవని కలిపి, గవర్నరు పేరు పెట్టారు. అదే బకింగ్‌హాం కాలవ, మన తీరమంతా పెదగంజాం దాకా వచ్చుద్ది. నేను పదో తరగతి పిల్లల్ని ఎండాకాలం ఆ గట్టు మీదకి తీసుకుపోయి ఈ కథ చెప్తే ఒకడు, సార్ మరి చచ్చినోళ్ళ పేర్లు ఎక్కడున్నాయి అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. టీ తాగించి ఇంటికి పంపించా.

పెన్నా గట్టు (నెల్లూరు):
చదివినా అందరిదీ. చీరాల చెల్లెమ్మా, ఆ పెళ్ళిలో నేను నోరు తెరవనందుకు సిగ్గుగా ఉంది. మామకి మ్యూనిక్ అన్న రాసింది పంపినా, సాయంత్రం దాకా చూసి రిప్లై లేదు, మళ్ళా ఇందాక ఏందో పసుపు నీళ్ళ వైద్యం పెట్టినాడు. పాత కోటు అన్నా, ఆ 2008 సుప్రీంకోర్టు తీర్పు కాపీ ఉంటే ఇట్టా పెట్టగలవా, ఈసారి బంతిలో ఎవడన్నా అంటే ఫోన్లోంచి తీసి చూపిస్తా.

చీరాల పిల్ల:
నాక్కూడా కావాలి. తెలుగులో ఉందా అన్నా? పిన్నికి చదివి వినిపిద్దామని.

పాత కోటు (ఒంగోలు):
ఇంగ్లీషులోనే అమ్మా. రాత్రికి పెడతా. తెలుగు చెయ్యాలంటే ఒక్కడి వల్ల కాదు.

కందుకూరు మాస్టారు:
నాకు ఆదివారం ఖాళీనే.