లైగేషన్ తర్వాత వచ్చిన కాలనీలన్నీ ఖాళీ వెక్టర్లే: ఇన్సర్ట్ ఎందుకు చేరడం లేదు?

ప్రశ్న

నమస్కారం. 1200 బేస్ జతల పొడవున్న జన్యువును (ఇన్సర్ట్) పీఈటీ-28ఏ ప్లాస్మిడ్‌లో (జన్యువును బాక్టీరియాలోకి మోసే వలయాకార డీఎన్‌ఏ, అంటే వెక్టర్) ఎన్‌డీఈ-1, ఎక్స్‌హో-1 అనే రెస్ట్రిక్షన్ ఎంజైములు కోసే స్థానాల మధ్య చేర్చే ప్రయత్నంలో ఉన్నాను. పీసీఆర్‌తో (డీఎన్‌ఏ నకళ్లు తీసే పద్ధతి) పెంచిన జన్యువునూ ప్లాస్మిడ్‌నూ ఈ రెండు ఎంజైములతోనే కత్తిరించి, జెల్ (డీఎన్‌ఏ ముక్కలను పొడవు వారీగా వేరుచేసేది) నుంచి శుద్ధి చేసి, రెండింటినీ 50 నానోగ్రాముల చొప్పున కలిపి, డీఎన్‌ఏ కొసలను అతికించే (లైగేషన్) టీ4 డీఎన్‌ఏ లైగేజ్ ఎంజైముతో 16 డిగ్రీల వద్ద రాత్రంతా ఉంచుతున్నాను. దానిని బాక్టీరియాలోకి పంపాక, కనామైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద వచ్చే కొద్దిపాటి కాలనీలలో ఒక్కదానిలోనూ ఇన్సర్ట్ కనిపించడం లేదు. లైగేజ్ మోతాదు పెంచాలా, ఉష్ణోగ్రత మార్చాలా, లేక ఇన్సర్ట్, వెక్టర్ల నిష్పత్తిలోనే లోపం ఉందా?

మొదటి జవాబు

నిష్పత్తిని అనుమానించనక్కరలేదు. పీఈటీ-28ఏ పొడవు 5369 బేస్ జతలు కాబట్టి, బరువు సమానంగా తీసుకున్నప్పుడు మీ గొట్టంలో ఒక్కో వెక్టర్ అణువుకు దాదాపు 4.5 ఇన్సర్ట్ అణువులు ఉన్నట్లు లెక్క. సాధారణంగా సూచించే 3:1 నిష్పత్తికి 34 నానోగ్రాముల ఇన్సర్టే సరిపోతుంది. ఖాళీ వెక్టర్ కాలనీలు వస్తున్నాయంటే లోపం చాలావరకు లైగేషన్ కంటే ముందు దశలోనే ఉంటుంది.

ఈ ప్లాస్మిడ్‌లో ఆ రెండు స్థానాల మధ్య దూరం సుమారు 80 బేస్ జతలే. అందువల్ల ఒక్క ఎంజైమే కోసిన వెక్టర్‌కూ, రెండూ కోసిన వెక్టర్‌కూ జెల్ మీద తేడా తెలియదు. ఒకచోటే తెగినది లైగేజ్ కలపగానే తన కొసలను తానే కలుపుకుంటుంది. కాబట్టి ప్లాస్మిడ్‌ను ఒక్కో ఎంజైముతో విడివిడిగా కోసి, పక్కపక్కనే జెల్‌పై నడిపి, రెండూ పూర్తిగా పనిచేస్తున్నాయో లేదో ముందు చూడండి. ఆ తర్వాత కోసిన వెక్టర్‌ను లైగేజ్ లేకుండా ఒకసారి, ఇన్సర్ట్ లేకుండా లైగేజ్‌తో ఒకసారి ట్రాన్స్‌ఫార్మ్ చేయండి (బాక్టీరియాలోకి పంపండి). మొదటి ప్లేటులో కాలనీలు వస్తే అసలు తెగని ప్లాస్మిడ్ మిగిలి ఉందని అర్థం. రెండవదానిలో మాత్రమే ఎక్కువగా వస్తే వెక్టర్ తిరిగి మూసుకుంటోందని అర్థం. ఈ రెండు ప్లేట్లు లేకుండా ఎన్ని షరతులు మార్చినా అది ఊహే అవుతుంది.

రెండవ జవాబు

పై సలహాతో ఏకీభవిస్తూ, ఇన్సర్ట్ కొసలను కూడా పరీక్షించమంటాను. గుర్తింపు స్థానం డీఎన్‌ఏ చివరకు మరీ దగ్గరగా ఉంటే చాలా ఎంజైములు సరిగా కోయవు. ఎన్‌డీఈ-1 ఈ విషయంలో మరింత ఇబ్బంది పెడుతుంది. ప్రైమర్ (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) 5' చివర, స్థానానికి ముందు, కనీసం ఆరు అదనపు బేసులు ఉన్నాయా?

కొన్ని బేసులు తెగాయో లేదో జెల్ చెప్పలేదు గానీ, లైగేజ్ చెబుతుంది. కోసిన ఇన్సర్ట్‌ను మాత్రమే లైగేజ్‌తో ఉంచి జెల్‌పై నడపండి. రెండు కొసలూ తెగి ఉంటే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని 2400, 3600, ఇంకా పై స్థాయిలలో మెట్లుమెట్లుగా పట్టీలు కనిపిస్తాయి. ఒక్క కొసే తెగి ఉంటే 2400 దగ్గరే ఆగిపోతుంది. ఏ మార్పూ లేకపోతే రెండు కొసలూ తెగలేదనో, లైగేజ్ లేదా దాని బఫర్ పనిచేయడం లేదనో అనుకోవాలి. బఫర్‌లో లైగేజ్‌కు శక్తినిచ్చే ఏటీపీ పదేపదే గడ్డకట్టి కరగడం వల్ల క్షీణిస్తుంది కనుక, దానిని చిన్న భాగాలుగా పంచి దాచుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వెక్టర్ మూసుకోకుండా ఫాస్ఫటేజ్ (కొసల నుంచి, అతుక్కోవడానికి కావలసిన ఫాస్ఫేట్‌ను తొలగించే ఎంజైమ్) వాడవచ్చని తెలుసు గానీ, ప్రైమర్లకు 5' ఫాస్ఫేట్ ఉండదు కదా. అప్పుడు ఇరువైపులా ఫాస్ఫేట్ లేక చర్యే జరగకుండా పోదా?

మొదటి జవాబు ఇచ్చినవారు

మీ విషయంలో ఆ భయం లేదు. రెస్ట్రిక్షన్ ఎంజైమ్ కోసినచోట ఏర్పడే కొత్త 5' కొసకు ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి ఇన్సర్ట్ దానిని వెంట తెస్తుంది. వెక్టర్ వైపు మిగిలే చీలికను బాక్టీరియా కణమే పూడ్చుకుంటుంది. ఎంజైముతో కోయని, మొద్దు కొసల పీసీఆర్ ముక్కను చేర్చేటప్పుడు మాత్రం కైనేజ్ అనే ఎంజైముతో ఫాస్ఫేట్ చేర్చక తప్పదు. అయితే ఫాస్ఫటేజ్‌ను పూర్తిగా నిష్క్రియం చేయడమో తొలగించడమో జరిగాకే ఇన్సర్ట్‌తో కలపాలి, లేకపోతే అది ఇన్సర్ట్ ఫాస్ఫేట్‌ను కూడా ఊడదీస్తుంది. జెల్ ముక్క కోసేటప్పుడు 302 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి క్షణాలలోనే డీఎన్‌ఏను పాడుచేస్తుంది. 365 నానోమీటర్లదో నీలి కాంతో వాడండి.