30 మందికి ఇంటి భోజనం, 4,000 రూపాయల్లో అవుతుందా?

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా నాన్న రిటైర్మెంట్ సందర్భంగా చుట్టాలనీ, ఆయన ఆఫీసు స్నేహితులనీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాం. క్యాటరింగ్ మా తాహతుకు మించింది. పైగా ఇంటి వంటే పెట్టాలని నాన్న కోరిక. వండేది నేనూ, అమ్మా; సాయానికి పిన్ని వస్తుంది.

పులిహోర, టమాటా పప్పు, గుత్తి వంకాయ, సాంబారు, పెరుగు, బెల్లం పరమాన్నం అనుకున్నాం. పులిహోరకి దిగుల్లేదు. ముందు రోజు రాత్రే చింతపండు పులుసు నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకుంటాం.

వంకాయ దగ్గరే ఆగిపోయాం. కారం కూరిన కాయల్ని మూకుడులో సన్న సెగ మీద మగ్గిస్తేనే రుచి. మాకున్నది రెండు బర్నర్ల స్టవ్. పెద్ద గిన్నెలో ఒకేసారి వేస్తే అడుగువి చితికిపోయి, పైవి పచ్చిగా ఉండిపోతాయని అమ్మ భయం. ముందు నూనెలో వేయించి, తర్వాత మసాలాలో కలిపితే ఆ రుచి వస్తుందా? ఎక్కువమందికి చేసినవాళ్లు దయచేసి చెప్పండి. నాన్నకి ప్రాణం కాబట్టి ఈ కూర మానలేను.

పరమాన్నం దించి, కాస్త చల్లారాకే బెల్లం కలుపుతాం, లేకపోతే పాలు విరుగుతాయి. వడ్డించే ముందు మళ్లీ వేడి చేయొచ్చా?

పులిహోర కాకుండా తెల్లన్నానికి ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలి? పెరుగు ఇంట్లోనే తోడుపెడతాం, పాలు ఎన్ని లీటర్లు తీసుకోవాలి? ఖర్చు మించేలా ఉంటే ఇందులో ఏది తగ్గించమంటారు?