ఫోర్-ట్రాక్ క్యాసెట్ల డీబీఎక్స్ డీకోడింగ్‌కు సాయం కావాలి

హనుమకొండలో ఒగ్గు డోలు, కిన్నెర, ఎలక్ట్రిక్ గిటార్ కలిపి ప్రయోగాలు చేసిన ఒక బ్యాండ్ రిహార్సల్, స్టేజీ రికార్డింగులు డిజిటల్‌లోకి ఎక్కిస్తున్నాం. అన్నీ సీ-60 క్యాసెట్లు. ఫోర్-ట్రాక్ మెషిన్‌లో (నాలుగు ట్రాక్‌లనూ ఒకే దిశలో రికార్డు చేసేది) సెకనుకు 9.5 సెంటీమీటర్ల వేగంతో, డీబీఎక్స్ టైప్-2 (రికార్డింగ్‌లో ధ్వని హెచ్చుతగ్గులను సగానికి నొక్కి, ప్లే చేసేటప్పుడు తిరిగి విప్పి, టేపు బుసను తగ్గించే పద్ధతి) ఆన్ చేసి రికార్డు చేసినవి. ఆ మెషిన్ ఇప్పుడు లేదు.

మామూలు స్టీరియో డెక్‌లో (4.76 వేగం, డాల్బీ ఆఫ్) రెండు వైపులా ప్లే చేసి 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఎక్కించాం. హెడ్ తుడిచి, ప్రతి క్యాసెట్‌కూ అజిమత్ (టేపుకు హెడ్ ఉండే కోణం) స్క్రూ సరిచేశాం. తర్వాత ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేగం రెట్టింపు చేసి, రెండో వైపును రివర్స్ చేశాం. రెండు వైపులూ మెల్లగా ఎడం అవుతున్నాయి, కానీ డోలు దెబ్బలను గుర్తుగా పెట్టుకుని ముక్కలుగా కలుపుకుంటున్నాం. అది ఇబ్బంది కాదు.

అసలు చిక్కు డీబీఎక్స్. డీకోడ్ చేయకుండా వింటే డోలు దెబ్బ అణిగిపోతుంది, దాని వెంటే హాల్ చప్పుడు పైకి ఉబ్బుతుంది. కిన్నెర తీగ మీటాక వచ్చే మోత అందులో మునిగిపోతోంది, ఈ బ్యాండ్ ప్రత్యేకతే ఆ మోత. వేగం సరిచేశాకే, ఒక్కో ట్రాక్‌కు విడిగా 1:2 ఎక్స్‌పాండర్ (ధ్వని హెచ్చుతగ్గులను రెట్టింపు చేసేది) పెట్టి చూశాం. ఉబ్బు తగ్గింది గానీ పై స్వరాలు గీరుకుంటున్నాయి. రికార్డింగ్‌లో పై ఫ్రీక్వెన్సీలను పెంచే ప్రీ-ఎంఫసిస్‌ను మామూలు ఎక్స్‌పాండర్ వెనక్కి తీయదు కాబట్టి ఇలా అవుతోందని మా అంచనా.

డీబీఎక్స్ టైప్-2ను కంప్యూటర్‌లోనే సరిగ్గా డీకోడ్ చేసినవాళ్లు ఏ ప్లగిన్‌ను, ఏ సెట్టింగులతో వాడారు?