బోండి 9 ఆ, నింబస్ 27 ఆ? మొదటి ఫుల్ మారథాన్ ట్రైనింగ్‌కి ఏ షూస్ కొనాలి?

కొండాపూర్_రన్నర్

అందరికీ నమస్తే. ఈ ఆగస్టు హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్‌కి పేరిచ్చాను, నాకిది మొదటి ఫుల్. హాఫ్‌లు ఇదివరకు పరిగెత్తాను కాబట్టి 21 వరకు టెన్షన్ లేదు. కానీ ఆదివారం లాంగ్ రన్ 24, 26 కిలోమీటర్లకి వచ్చేసరికి అరికాళ్లు మండిపోతున్నాయి, మర్నాడు ఆఫీసులో మెట్లు దిగాలంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఇప్పుడున్న షూస్ మామూలు కుషనింగ్‌వి, అడుగు బాగా అరిగిపోయింది, ఎలాగూ మార్చాల్సిందే.

ఈసారి మందం సోల్ ఉన్నవే తీసుకుందామని చూస్తూ చూస్తూ రెండింటి దగ్గర ఆగాను. ఒకటి హోకా బోండి 9, ఇంకోటి ఆసిక్స్ జెల్ నింబస్ 27. ధరలో పెద్ద తేడా లేదు, రెండూ ఖరీదైనవే, రెండు జతలూ కొనే ఆలోచన లేదు.

నా వయసు 34, బరువు 79 కిలోలు, పాదం ముందువైపు కాస్త వెడల్పు. వారానికి నాలుగు రోజులు పరుగు, లాంగ్ రన్‌లో కిలోమీటరుకి ఆరున్నర నుంచి ఏడు నిమిషాలు. అడుగు మడమ మీదే పడుతుంది. ఇంకో సంగతి, పొద్దున మంచం దిగగానే కుడికాలి మడమ వెనక నరం బిగుసుకున్నట్టుంటుంది, కాస్త అటూ ఇటూ నడిస్తే సర్దుకుంటుంది. పరుగంతా రోడ్డు మీదే, మామూలు రోజుల్లో బొటానికల్ గార్డెన్ వైపు, ఆదివారం నెక్లెస్ రోడ్డు. షాపులో రెండూ వేసుకుని చూశాను, రెండూ మెత్తగానే ఉన్నాయి. ఆ కాసేపట్లో ఏం తెలుస్తుంది? వాడినవాళ్లు చెప్పండి.

సీతాఫల్‌మండి_శీను

నింబస్ తీసుకో అన్నా. నేను నింబస్ 25 మోడల్ వచ్చినప్పటి నుంచి అదే వాడుతున్నా, మోకాళ్ల గొడవ లేదు. స్పీడ్ కావాలంటే వేరే చూసుకోవాలి గానీ లాంగ్ రన్‌కి హాయిగా ఉంటుంది.

మడమ_మాస్టారు

నా ఓటు కూడా నింబస్‌కే, కానీ ఎందుకో చెప్పాలి కదా. షాపుల్లోనూ వీడియోల్లోనూ అందరూ ఏది ఎక్కువ మెత్తన అనే మాట్లాడతారు. మీ విషయంలో అది రెండో ప్రశ్న.

కంపెనీలు చెప్పే కొలతలు చూడండి. మగవాళ్ల సైజుల్లో బోండి 9కి మడమ కింద 43 మిల్లీమీటర్లు, వేళ్ల వైపు 38. నింబస్ 27కి మడమ కింద 43.5, ముందు 35.5. అంటే మడమ దగ్గర రెండింటికీ తేడా అర మిల్లీమీటరే, పట్టించుకోనక్కర్లేదు. తేడా అంతా ముందుభాగంలో ఉంది. బోండిలో ముందువైపు కూడా బాగా మందం, అందుకే డ్రాప్, అంటే మడమ మందానికీ ముందు మందానికీ తేడా, 5. నింబస్‌లో 8. బరువు కూడా దాదాపు ఒకటే, రెండూ ఒక్కోటి 300 గ్రాముల అటూ ఇటూ.

డ్రాప్ తగ్గితే మడమ కిందికి దిగుతుంది, పిక్క కండరం, మడమ వెనక నరం ఎక్కువ సాగాలి. డ్రాప్ పెరిగితే ఆ భారం కొంత మోకాలి వైపు పోతుంది. మీకు రెండు చోట్లా ఇబ్బంది ఉంది కాబట్టి ఏది ముఖ్యమో తేల్చుకోవాలి. లాంగ్ రన్ అయిన మర్నాడు మెట్లు దిగేటప్పుడు పట్టేయడం చాలావరకు తొడ కండరాల అలసట, కిలోమీటర్లు అలవాటైతే తగ్గుతుంది. పొద్దున లేవగానే నరం బిగుసుకోవడం అలాంటిది కాదు. ఎకిలీస్ (మడమ వెనక ఉండే ఆ నరమే) నొప్పి చాలామందిలో మొదలయ్యేది ఇలాగే, నడిస్తే పోతుంది కదా అని వదిలేస్తే నెలల తరబడి వేధిస్తుంది. ఫుల్ ట్రైనింగ్‌లో కిలోమీటర్లు పెంచుతున్న సమయంలోనే డ్రాప్ కూడా తగ్గించడం నాకు నచ్చని పని. పాత షూస్ డ్రాప్ ఎంతో ఒకసారి చూసుకోండి, 10 గానీ 12 గానీ అయితే నేను చెప్పేదానికి ఇంకా బలం.

బోండికి న్యాయంగా ఒక మాట చెప్పాలి. దాని అడుగుభాగం ముందూ వెనకా వంపు తిరిగి ఉంటుంది, మడమ నుంచి వేళ్ల మీదికి దొర్లించినట్టు తీసుకెళ్తుంది, దాంతో వేళ్లు పెద్దగా వంచాల్సిన పని ఉండదు. బొటనవేలి కీలు నొప్పి ఉన్నవాళ్లు అందుకే దాన్ని వదలరు. ఆ వంపు పిక్కకి కూడా కొంత సాయం చేస్తుంది కాబట్టి 3 మిల్లీమీటర్ల లెక్క ఒక్కదానితోనే కథ అయిపోదు. ఇంకోటి, బోండిలో పాదం ఫోమ్ పైన కాకుండా ఫోమ్ లోపలికి దిగి ఉంటుంది, పక్కలు కాస్త లేచి ఉంటాయి, తొట్టిలో నిలబడ్డట్టు. పాదం సన్నగా ఉన్నవాళ్లకి అది స్థిరంగా అనిపిస్తుంది. వెడల్పు పాదం ఉన్నవాళ్లకి ఆ అంచే నొక్కుతుంది.

అందుకే మళ్లీ షాపుకెళ్లి ఈసారి ఇలా చూడండి. ఇన్‌సోల్ (షూ లోపల పాదం కింద పరిచే మెత్త) బయటకి తీసి నేల మీద పెట్టి, పూర్తి బరువు వేసి దాని మీద నిలబడండి. చిటికెనవేలు గానీ పాదం పక్కభాగం గానీ ఇన్‌సోల్ అంచు దాటి బయటకి వస్తే ఆ వెడల్పు మీది కాదు. తర్వాత షూస్ వేసుకుని ఒంటికాలి మీద నిలబడి మడమ నెమ్మదిగా పైకెత్తి దించండి, కుడికాలితో చేసినప్పుడు రెండింట్లో దేంట్లో నరం ఎక్కువ లాగుతోందో అక్కడికక్కడే తెలుస్తుంది. మెట్లుంటే రెండుసార్లు ఎక్కి దిగండి. షాపువాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి, డబ్బు మీది, కాలు మీది.

ఆర్కే_బీచ్_లక్ష్మి

విశాఖ నుంచి. నేను బోండి వాడతాను, నాకు అరికాలి మంట తగ్గింది దాంతోనే, కాబట్టి దాన్ని తీసిపారేయకండి. నా పాదం సన్నం, నరాల ఇబ్బంది లేదు, మీకూ నాకూ అక్కడే తేడా.

మన వాతావరణం గురించి ఎవరూ రాయలేదు. ఈ రివ్యూలన్నీ చలిదేశాల వాళ్లవి. ఇక్కడ జూన్, జులైలో పది కిలోమీటర్లు దాటేసరికి చెమట కాళ్ల వెంట కారి నేరుగా షూస్‌లోకి దిగుతుంది. ఫోమ్ నీళ్లు పీల్చదు గానీ నాలుక, మడమ చుట్టూ ఉండే మెత్తలు, ఇన్‌సోల్ అన్నీ పీలుస్తాయి, చివర్లో అడుగేస్తే చప్పుడొస్తుంది. ఈ రెండు షూస్‌లోనూ మెత్తలు ఎక్కువే, కాబట్టి ఇందులో ఏదీ గాలాడే షూ అని ఆశించొద్దు. కాటన్ సాక్సులు మానేయండి. ఇంటికి రాగానే ఇన్‌సోల్ తీసి, లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం ఆరబెట్టకండి, జిగురు పాడవుతుంది.

కొనేది సాయంత్రం పూట వెళ్లి కొనండి, పగలంతా తిరిగాక పాదం ఉబ్బుతుంది, లాంగ్ రన్‌లో ఉబ్బేది అంతకన్నా ఎక్కువ. పరుగుకి వేసుకునే సాక్సులే తీసుకెళ్లండి. బొటనవేలి ముందు ఒక బొటనవేలంత ఖాళీ ఉండాలి, లేకపోతే గోరు నల్లబడి ఊడిపోతుంది.

వానలో జీబ్రా క్రాసింగ్ పెయింటు మీద, ఫుట్‌పాత్ టైల్స్ మీద పట్టు విషయంలో నింబస్ నయం అని మా గ్రూపులో రెండూ వాడినవాళ్లు అంటారు. ఆగస్టులో రేసు కాబట్టి అది కూడా లెక్కలో వేసుకోండి.

పరుగు_పుస్తకం

నేను కాస్త అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. మందం సోల్ వేసుకుంటే మోకాలికి దెబ్బ తగ్గుతుందని అందరూ ఖాయం చేసేసుకున్నారు, అది అంత సూటిగా లేదు. 2018లో ఫిన్లాండ్ పరిశోధకులు హోకా మందం షూస్‌నీ మామూలు షూస్‌నీ పోల్చి చూశారు. వేగంగా పరిగెత్తినప్పుడు మందం షూస్‌లోనే నేల తాకే దెబ్బ ఎక్కువగా నమోదైంది. కింద మెత్తగా ఉంటే మన కాలు తనంతట తాను బిగుసుకుని దిగుతుంది, కారణం అదని వాళ్లు రాశారు. పరిగెత్తినవాళ్లు పన్నెండుమందే కాబట్టి దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు, కానీ మెత్తన అంటే క్షేమం అనేసుకోవద్దు.

ఇంకోవైపు, లక్సెంబర్గ్ వాళ్లు 2020లో అచ్చేసిన అధ్యయనంలో 848 మందికి చూడ్డానికి ఒకేలా ఉండే షూస్ ఇచ్చారు, కొందరికి మెత్తటి సోల్, కొందరికి గట్టి సోల్. గట్టి సోల్ వాళ్లకి గాయాలు ఎక్కువయ్యాయి. అయితే మెత్తదనం వల్ల లాభం స్పష్టంగా కనిపించింది బరువు తక్కువ ఉన్నవాళ్లలో. బరువు ఎక్కువైతే మెత్తన ఎక్కువ కావాలి అని షాపుల్లో చెప్పే మాటకి ఇది సరిగ్గా ఎదురు.

నా ఉద్దేశంలో మీ డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చేది రెండో జత. అదే లక్సెంబర్గ్ బృందం అంతకుముందు 264 మందిని 22 వారాలు గమనించింది. ఒకటికి మించి షూస్ మార్చి మార్చి వాడినవాళ్లలో గాయాల ముప్పు 39 శాతం తక్కువ. ఆదివారానికి నింబస్ గానీ బోండి గానీ పెట్టుకోండి, వారం మధ్యలో చిన్న, వేగం పరుగులకి తక్కువ ధరలో గట్టిగా, తేలిగ్గా ఉండేది ఒకటి. పాత మోడల్ డిస్కౌంట్లో దొరికితే చాలు. రోజూ నాలుగు సెంటీమీటర్ల ఫోమ్ మీదే పరిగెత్తితే పాదానికి పనిలేకుండా పోతుంది.

కొండాపూర్_రన్నర్

చాలా థ్యాంక్స్ అందరికీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లి ఇన్‌సోల్ టెస్టు చేశాను. బోండి మామూలు వెడల్పులో చిటికెనవేలు సగం బయటకి వచ్చింది. నింబస్‌లో అంచు మీద సరిగ్గా ఆగింది. మడమ ఎత్తి దించినప్పుడు రెండింటికీ తేడా ఉంది, బోండిలో నరం లాగినట్టు తెలిసింది.

రెండు సందేహాలు. మా బావ డల్లాస్ నుంచి వచ్చే నెల వస్తున్నాడు, బోండి వైడ్ తెప్పించుకుంటే ఎలా ఉంటుంది? రెండోది, సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటిన షూస్ రేసులో ఒప్పుకోరని ఎవరో అన్నారు, నిజమా?

ప్లేనో_నుంచి

బావగారితో తెప్పించుకోవచ్చు, ఇక్కడ అమెరికాలో బోండి వైడ్, ఎక్స్‌ట్రా వైడ్ రెండూ సులువుగా దొరుకుతాయి. 2025లో ఇవి విడుదలైనప్పుడు లిస్ట్ ధర బోండి 170 డాలర్లు, నింబస్ 165. కానీ సైజు దగ్గర జాగ్రత్త. మన దగ్గర యూకే సైజు చూస్తాం, ఇక్కడ యూఎస్ సైజు. మగవాళ్లకి ఆసిక్స్‌లో యూఎస్ 9 అంటే యూకే 8, హోకాలో యూఎస్ 9 అంటే యూకే 8.5. ఒక కంపెనీ లెక్క ఇంకోదానికి పెట్టి తెప్పించుకున్న మా చుట్టాలకి అర సైజు తేడా వచ్చింది, వాపసు పంపాలంటే మళ్లీ ఎవరో ఒకరు ఇటు రావాలి. మీరు ఇండియాలో వేసి చూసిన డబ్బా మీద యూఎస్ సైజు కూడా ఉంటుంది, దాని ఫొటో తీసి పంపండి. నా సలహా అడిగితే, వేసి చూడని వెడల్పు తెప్పించుకోవద్దు.

మడమ_మాస్టారు

40 మిల్లీమీటర్ల నియమం నిజమే, అథ్లెటిక్స్ అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్‌ది. 2021లో వియన్నా మారథాన్ మొదట పూర్తిచేసిన ఇథియోపియా రన్నర్ దెరారా హురిసాని సోల్ 5 సెంటీమీటర్లు ఉందని డిస్‌క్వాలిఫై చేశారు. కానీ అది ప్రైజులకి పోటీపడే ఎలైట్ రన్నర్ల కోసం. మనలాంటివాళ్ల షూస్ కొలవడానికి రేసు మొదలయ్యే పీపుల్స్ ప్లాజా దగ్గర ఎవరూ స్కేలు పట్టుకుని ఉండరు, నిశ్చింతగా వేసుకోండి.

మీ టెస్టు చూశాక నాకు సందేహం లేదు, నింబస్. వైడ్ బోండి వెడల్పు సమస్య తీరుస్తుంది, నరం లాగడం తీర్చదు. కొన్నాక మొదట చిన్న పరుగులకి వాడండి, తర్వాత లాంగ్ రన్‌కి. రేసుకి చివరి మూడు వారాల్లో కొత్తది ఏదీ మొదలుపెట్టొద్దు, అందుకే ఇప్పుడే కొనడం మంచిది. స్ట్రావా యాప్‌లో షూస్ పేరు పెట్టి కిలోమీటర్లు లెక్క వేసుకోండి, 500 దాటాక అడుగు చూస్తూ ఉండాలి. కుడికాలి బిగుతు ఇంకో రెండు వారాలు అలాగే ఉంటే ఫిజియోకి చూపించండి. పిక్క వ్యాయామాలు ఇప్పటినుంచే చెయ్యాలి, ఏ షూ ఆ పని చేసిపెట్టదు.

ఆర్కే_బీచ్_లక్ష్మి

ఒక్కటి మర్చిపోయాను. హైదరాబాద్ రూట్లో ఫ్లైఓవర్లు ఎక్కువ, దిగేటప్పుడు పాదం ముందుకి జారి వేళ్లు కొట్టుకుంటాయి, మందం సోల్‌లో ఇంకా ఎక్కువ. పైన చీలమండ దగ్గర అదనంగా ఒక రంధ్రం ఉంటుంది చూడండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. లేసుని అదే వైపు దాంట్లోకి దూర్చి చిన్న ఉంగరంలా వదిలి, అటు లేసు ఇటు ఉంగరంలోంచి, ఇటు లేసు అటు ఉంగరంలోంచి తీసి కిందికి లాగి ముడేయండి. మడమ కదలదు, ముందువైపు బిగించాల్సిన అవసరం ఉండదు. ఈ ఆదివారం ఏదైనా ఫ్లైఓవర్ మీద ఒకసారి చేసి చూడండి, పాదం పైన నొక్కితే ఒక రంధ్రం కిందికి మార్చుకోండి.