తివిరి ఇసుమున: మొదటి మాట అర్థం ఏమిటి?

అమలాపురం: గంటలో అయిపోయే పిక్సెల్ ఆర్ట్ పాయింట్ అండ్ క్లిక్ గేమ్ (తెర మీది వస్తువులను నొక్కుతూ ఆడేది) ఒకటి ఆడుతూ ఇరుక్కుపోయాను. దీపానికి నూనె కావాలి, సంచిలో చూస్తే గుప్పెడు ఇసుక, ఒక తాడు. ఏమీ తోచక ఇసుకను లాగి గానుగ మీద వదిలితే బొట్టు బొట్టుగా నూనె కారింది! వెంటనే 'ఇసుమున తైలంబు' నోటికొచ్చింది. దాని ముందు మాట తివిరియా, తవిలియా? తివిరి అంటే గానుగ తిప్పడమేనా?

పాలకొల్లు: తివిరే. 'తివిరి ఇసుమున తైలంబు తీయవచ్చు, తవిలి మృగతృష్ణలో (ఎండమావిలో) నీరు త్రావవచ్చు, తిరిగి కుందేటి కొమ్ము సాధింపవచ్చు, చేరి మూర్ఖుల మనసు రంజింపరాదు.' తివియు అంటే లాగడం కదండీ. పిండి లాగితే వస్తుందని భావం.

రాజోలు: తివియు అయితే 'తివిసి' అవ్వాలి. పైగా ఆ తివియే 'తీయు' అయింది, అదే పాదం చివర 'తీయవచ్చు' ఉండగా కవి మళ్లీ లాగుతాడా? ఇది తివురు, అంటే యత్నించడం. సంస్కృత మూలంలో భర్తృహరి 'యత్నతః పీడయన్' (యత్నంతో పిండుతూ) అన్నాడు. దాన్ని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి యత్నాన్ని ఉంచుకుని పీడనాన్ని వదిలేశాడు.

పాలకొల్లు: వదల్లేదు బాబూ, ఒకే మాటలో రెండూ దాచాడు. గానుగ చూసినవాడికి అది తెలుస్తుంది.

రావులపాలెం: తవిలి మాత్రం కదలదు. రెండో పాదంలో యతి స్థానంలో (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోట) 'త్రావవచ్చు' ఉంది, 'త'తోనే మొదలవ్వాలి. ఒకటీ మూడూ పాదాల్లో ఆ చోట 'తీ', 'ధిం' ఉన్నాయి కాబట్టి తివిరి, తిరిగి తారుమారైనా తేటగీతి చెడదు. అందుకే ఆ రెండే జనం నోట్లో కలిసిపోతాయి.

భీమవరం: తిరిగి అంటే 'మళ్లీ' అని బడిలో చెప్పారు. మూలంలో 'పర్యటన్'. కుందేటి కొమ్ము కోసం దేశాలు పట్టి తిరగడం. ఆ గేమ్‌లో చేసేదీ అదేగా, అన్ని గదులూ తిరగడం.

అమలాపురం: అవునండీ! 1987 నాటి మేనియాక్ మాన్షన్ అనే గేమ్‌లో తెర అడుగున క్రియల పట్టిక ఉంటుంది, ఒక క్రియ నొక్కి ఒక వస్తువు నొక్కాలి. ఈ పద్యం కూడా అంతే: తివిరి, తవిలి, తిరిగి; ఇసుము, మృగతృష్ణ, కుందేటి కొమ్ము.

రాజోలు: మూర్ఖుడి దగ్గరకొచ్చేసరికి 'చేరి' అనే క్రియ ఉంది గానీ పని జరగదు. నాలుగో పాదం బలమంతా అక్కడే ఉంది.

పాలకొల్లు: లక్ష్మణకవి మన పెద్దాపురం సీమవాడు, వత్సవాయ వారి ఆస్థానం. ఈ పద్యమున్న ఆయన సుభాషిత రత్నావళిలో తేటగీతి నడక చూడండి, నూనె పోసినట్టు జారుతుంది. చదివిన ప్రతిసారీ నాకు ప్రాణం లేచొస్తుంది.

కాకినాడ: అంతకుముందే ఎలకూచి బాలసరస్వతి 'సురభి మల్లా నీతివాచస్పతీ' మకుటంతో భర్తృహరిని అనువదించాడు. అది చదవకుండా లక్ష్మణకవిని ఆకాశానికెత్తకూడదు.

పాలకొల్లు: చదివాను గురువుగారూ. బాలసరస్వతి పండితుడు, కాదనను. కానీ జనం నోట నిలిచింది ఏది?

రావులపాలెం: నిలవడం ఒక కొలత కాదు. సరే, తవిలి సంగతి తేల్చండి. మూలంలో 'పిపాసార్దితః', దాహంతో అల్లాడినవాడు. తెలుగులో దాహమేది? తవులు అంటే తగులుకోవడం, ఎండమావికి అంటుకుపోయి తాగడమా?

భీమవరం: వెంటపడి అని నా అర్థం. వేసవిలో ఎండిన ఇసుక లంకలో నడిచి చూడండి, నీరు ముందుకు పోతూనే ఉంటుంది, మనం తగులుకుంటూనే ఉంటాం.

కాకినాడ: తవిలిలో ఆసక్తి ఉంది, ఆసక్తిలో దాహం ఉంది. కవి పొదుపు అది.

రాజోలు: అది లాగి చెప్పడం గురువుగారూ. దాహం పోయింది, ఒప్పుకోవాలి. ఇంకొకటి, చాలామంది 'కుందేలి కొమ్ము' అంటున్నారు. ఏరు ఏటి అయినట్టు కుందేలు కుందేటి అవుతుంది. అది దిద్దండి ముందు.

అమలాపురం: దిద్దుతానండీ. ఆ గేమ్ మాటలన్నీ తెలుగులో పెడదామని కూర్చున్నాను. కుదరని వస్తువులు కలిపినప్పుడల్లా కథానాయకుడు ఈ పద్యంలో ఒక పాదం అనాలి. ఇసుక దగ్గర మొదటిది సరిపోయింది. తాడుకీ దీపానికీ ఏ పాదం పెట్టమంటారు?

పాలకొల్లు: దానికి రెండోది. కానీ తివిరిలో గానుగ ఉందన్న మాట నేను వెనక్కి తీసుకోను.