ఆర్మీ డిస్పోజల్ స్టాలియన్ లారీని ఇంకో స్టాలియన్‌తో గుంజుకురావాలి, హన్మకొండ నుంచి ములుగు దాకా. ఎట్లా?

ములుగు_క్వారీ:

అన్నలకు నమస్తే. నేనూ మా బావా కలిసి వేలంలో రెండు స్టాలియన్లు (అశోక్ లేలాండ్ మిలటరీ లారీలు) తీసుకున్నాం, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేవి), ఆర్మీ డిస్పోజల్ (ఆర్మీ వాడి అమ్మేసినవి). క్వారీలో ఒకటి నీళ్ల ట్యాంకర్‌కు, ఒకటి సామాను తిప్పడానికి అనుకున్నాం. ఒకటి మంచి కండిషన్‌లో ఉంది, పేపర్లు కూడా అయిపోయాయి. రెండోదాని ఇంజన్ స్టార్ట్ కాదు, హెడ్ విప్పి ఉంది, దాని రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోంది. రెండూ ఇప్పుడు హన్మకొండ బయట ఒక యార్డులో ఉన్నాయి. మా షెడ్డు ములుగులో, సుమారు 50 కిలోమీటర్లు.

మంచి బండితో చెడిపోయినదాన్ని గుంజుకొద్దామని మా బావ అంటున్నాడు. "రెండూ మిలటరీ బండ్లే, రెండింటికీ హుక్కులున్నాయి, ఇంకేం కావాలి" అని ఆయన లెక్క. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది. ఇంకో సంగతి, యార్డులో దాన్ని జేసీబీతో కొంచెం పక్కకు జరుపుదామంటే ముందు చక్రాలు తిరిగాయి గానీ వెనకవి తిరగలేదు, మట్టిలో రెండు గాళ్లు పడేలా ఈడ్చుకుపోయాయి. మెకానిక్ చూసి బ్రేకులు జామ్ అయ్యాయి, డ్రమ్ములు విప్పాలి అంటున్నాడు. ఏం చేయమంటారు?

వైర్‌రోప్_సైదులు:

ఇంత ఆలోచన ఎందుకు తమ్మీ. మంచి వైర్ రోప్ ఒకటి తీసుకో, రెండు డి షాకిళ్లు (తాడును హుక్కుకు బిగించే ఇనుప కొక్కేలు) వేసుకో, వెనక బండ్లో గట్టి డ్రైవర్‌ను కూర్చోబెట్టు, పొద్దున్నే బయలుదేరు. గడ్డి లారీలు, వడ్ల లారీలు మేం అట్లనే గుంజుతాం. జామ్ అయిన బ్రేకుల సంగతి మాత్రం ముందు చూసుకో.

పాత_ఈఎంఈ:

తమ్ముడూ, నేను ఆర్మీలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో రికవరీ పని, అంటే ఆగిపోయిన బండ్లను గుంజుకొచ్చే పని చేసి వచ్చినవాణ్ణి. ముందు నీ మెకానిక్‌ను ఆ డ్రమ్ముల జోలికి పోవద్దని చెప్పు. బ్రేకులు జామ్ కాలేదు. స్టాలియన్ ఫుల్ ఎయిర్ బ్రేక్ బండి, వెనక చక్రాల పార్కింగ్ బ్రేక్‌ను పట్టి ఉంచేది గాలి కాదు, స్ప్రింగ్. గాలి వచ్చి ఆ స్ప్రింగ్‌ను వెనక్కి నొక్కితేనే చక్రం వదులుతుంది. ఇంజన్ తిరగడం లేదంటే కంప్రెసర్ కూడా తిరగదు, ట్యాంకులో గాలి లేదు, అందుకే వెనక చక్రాలు మాత్రమే పట్టేశాయి. నువ్వు చెప్పిన ఆ రెండు గాళ్లే దానికి సాక్ష్యం. ముందు ట్యాంకు నింపి చూడు, చాలా బండ్లలో ప్రెషర్ 5 బార్ దాటితే గానీ స్ప్రింగ్ పూర్తిగా వదలదు.

దాన్ని వదిలించడానికి రెండు దారులున్నాయి, ఏది పట్టుకుంటావన్న దాని మీదే నీ ప్రయాణం అంతా ఉంటుంది. మొదటిది, స్ప్రింగ్ చాంబర్ వెనక ఉండే రిలీజ్ బోల్ట్‌ను తిప్పి స్ప్రింగ్‌ను లోపలే బిగించేయడం. అప్పుడు గాలి లేకున్నా చక్రం ఫ్రీగా తిరుగుతుంది. యార్డుల్లో అందరూ చేసేది ఇదే, సులువు కాబట్టి. కానీ అట్లా చేశాక ఆ బండికి ఇక ఏ బ్రేకూ లేదు, పెడల్‌కు గాలి లేదు, పార్కింగ్‌కు స్ప్రింగ్ లేదు. ముందు బండి బ్రేకులే రెండు బండ్లనూ ఆపాలి.

రెండోది, ముందు బండి ఎయిర్ ట్యాంకు నుంచి వెనక బండి ట్యాంకుకు హోస్ పైపు వేసి గాలి ఇవ్వడం. అప్పుడు వెనక డ్రైవర్ పెడల్ తొక్కితే వెనక బండి తన బ్రేకులతో తనే ఆగుతుంది. దారిలో హోస్ ఊడినా, లీకైనా ట్యాంకులో గాలి పడిపోగానే స్ప్రింగ్ వచ్చి చక్రాలను పట్టేస్తుంది. అంటే తేడా వస్తే బండి తనంతట తనే ఆగుతుంది. నేనైతే ఇదే చేస్తా. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, ముందు బండి వైపు హోస్‌కు ఒక కాక్ (గాలిని మూసే వాల్వ్) ఉండాలి, లేకపోతే హోస్ పగిలిన రోజు ముందు బండి గాలి కూడా పోతుంది. బయలుదేరే ముందు రెండు ట్యాంకులూ నింపి, ఇంజన్ ఆపి, వెనక పెడల్ తొక్కిపట్టి గేజ్ చూడండి. ముల్లు కిందికి జారుతూ ఉంటే ఆ రోజు ప్రయాణం లేదు.

ఇంకో మాట. రిలీజ్ బోల్ట్ తిప్పడం వరకు సరే, స్ప్రింగ్ చాంబర్ చుట్టూ ఉండే క్లాంప్‌ను మాత్రం విప్పనివ్వకు. లోపలున్న స్ప్రింగ్ ఒక్కసారి బయటికొస్తే ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం పోతుంది. అది రోడ్డు పక్కన చేసే పని కాదు.

సైదులు గారూ, గడ్డి లారీలో ఇంజన్ తిరుగుతూ ఉంటే తాడుతో గుంజినా నడుస్తుంది, ఎందుకంటే దానికి గాలి ఉంది, పవర్ స్టీరింగ్ ఉంది. ఇక్కడ రెండూ లేవు. తాడు గుంజుతుంది గానీ ఆపదు. దిగుడులో తాడు వదులవుతుంది, వెనక బండి ముందుకొస్తుంది, మళ్లీ ఎక్కుడు రాగానే ఝట్కా కొడుతుంది, హుక్కులూ షాకిళ్లూ తెగేది అప్పుడే. పాతిక వేగంలో కూడా బండి సెకనుకు దాదాపు 7 మీటర్లు పోతుంది, తాడు ఉండేది 5 మీటర్లు.

ములుగు_క్వారీ:

అన్నా, చాలా థ్యాంక్స్. ఇవాళ పొద్దున చిన్న కంప్రెసర్ తెచ్చి ట్యాంకుకు గాలి పెట్టాం. కొంచెంసేపటికి వెనక నుంచి 'టస్‌స్' అని శబ్దం వచ్చింది, చక్రాలు వదిలాయి. మా మెకానిక్ మొహం చూడాల్సింది. సరే, తాడు వద్దంటే ఏం వాడాలి? వెల్డింగ్ షాపులో పైపులతో ఒక బార్ చేయిస్తే సరిపోతుందా?

పాత_ఈఎంఈ:

వెల్డింగ్ షాపు బార్ వద్దు. ఇంగ్లిష్ 'ఏ' అక్షరం ఆకారంలో టో బార్ అని వస్తుంది, రెండు కాళ్లు వెనక బండి ముందు భాగంలో ఛాసిస్‌కు ఉన్న రెండు హుక్కులకూ షాకిళ్లతో బిగుస్తాయి, మొన దగ్గర రింగు ముందు బండి వెనక టో హుక్‌లో పడుతుంది. ఊళ్లో చేయించినవాటిలో ఆ రింగు వెల్డ్ దగ్గరే పగులుతుంది, పెయింట్ కింద కనపడదు కూడా. డిస్పోజల్ సామాను అమ్మేవాళ్ల దగ్గర ఆర్మీ బార్లు దొరుకుతాయి. బంపర్‌కు, స్ప్రింగ్ పట్టీలకు, యాక్సిల్‌కు ఏదీ కట్టకు. హుక్ మూత పడ్డాక దానికో లాక్ పిన్ ఉంటుంది, దాని బదులు మేకు దూర్చి వంచేవాళ్లను చూశాను. కొత్త పిన్ కొను, పది రూపాయల ఖర్చు. బార్ కింద నుంచి ఒక గొలుసు కూడా అడ్డంగా వేయి, బార్ ఊడితే మొన రోడ్డులో గుచ్చుకోకుండా పట్టుకుంటుంది.

ముందు బండి ఖాళీగా పోకూడదు. రెండూ ఒకే మోడల్, ఒకే బరువు. తడి రోడ్డు మీద బ్రేక్ కొడితే వెనకది నెట్టేస్తుంది, ముందుది అడ్డం తిరుగుతుంది. స్టాలియన్ అడవి దారిలోనే 5 టన్నులు మోసే బండి. ఒక మూడు టన్నుల కంకర వెనక యాక్సిల్ మీద పడేలా వేసుకోండి.

ఆటోనగర్_గేర్‌బాక్స్:

ఈఎంఈ అన్న బ్రేకుల సంగతి చెప్పాడు, గేర్ల సంగతి నేను చెప్తా. న్యూట్రల్ చేశాం కదా అని బయలుదేరకండి. చక్రం తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కు బలం తీసుకుపోయే పొడవాటి కడ్డీ) తిరుగుతుంది, అది ట్రాన్స్‌ఫర్ కేస్‌ను (ముందు వెనక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టెను) తిప్పుతుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు లోపల ఆయిల్ అన్ని బేరింగులకూ చేరదు, పైవి ఎండిపోయి తిరుగుతాయి. యార్డు గేటు దాకా అయితే న్యూట్రల్ చాలు, 50 కిలోమీటర్లకు చాలదు. ముందు వెనక రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ విప్పి బండిలోనే వేసుకోండి, బోల్టులు ఒక డబ్బాలో. ఫోర్ బై ఫోర్ అని మరిచిపోయి వెనకది ఒక్కటే విప్పుతారు చాలామంది, ముందుది తిరుగుతూనే ఉంటుంది. విప్పేముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు పెట్టండి, ఎందుకంటే విప్పాక బండిని గేర్‌లో వేసినా ఆగదు.

టైర్లు కూడా చూడండి. డిస్పోజల్ బండి ఏళ్ల తరబడి ఒకేచోట ఎండలో నిలబడి ఉంటుంది. పై పట్టీ కొత్తదిలా మెరుస్తుంటుంది, పక్కగోడ మీద వేలుతో వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. ముందు రెండు టైర్లు అట్లా ఉంటే మంచి స్టెప్నీలు వేసేయండి. పది కిలోమీటర్ల దగ్గర ఆగి నాలుగు హబ్బులకూ చెయ్యి ఆనించండి. మూడు వెచ్చగా ఉండి ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే దానికి బ్రేక్ పట్టి ఉంది, లేదా గ్రీజు గట్టిపడింది. అది చూడకుండా ముందుకు పోవద్దు.

పేపర్_పక్కా:

ఇంజనీరింగ్ అంతా బాగుంది, కాగితం సంగతి ఎవరూ అడగలేదేం? రిజిస్ట్రేషన్ కాని బండి రోడ్డు మీదికి రాకూడదు. గుంజుకుపోతున్నా అది రోడ్డు మీద ఉన్న బండే. పైగా దాని మీద ఇంకా బాణం గుర్తు ఉన్న ఆర్మీ నంబర్ ఉందంటే ఎక్కడ ఆపినా గంటసేపు నిలబెడతారు. ఆ నంబర్ తీసేయండి, ఆర్టీఏలో టెంపరరీ రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తీసుకోండి, వేలం కాగితాలు, రిలీజ్ ఆర్డర్ చేతిలో పెట్టుకోండి.

టోయింగ్‌కు వేరే రూల్స్ ఉన్నాయి, మోటార్ వెహికల్స్ డ్రైవింగ్ రెగ్యులేషన్స్ 2017లో. చెడిపోయిన బండిని దగ్గర్లోని వర్క్‌షాప్ దాకా గుంజొచ్చు అన్నది అసలు మాట. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటొద్దు, తాడు గానీ గొలుసు గానీ వాడితే వేరేవాళ్లకు స్పష్టంగా కనిపించాలి, వెనక బండి స్టీరింగ్ దగ్గర లైసెన్స్ ఉన్న డ్రైవర్ ఉండాలి, గంటకు పాతిక కిలోమీటర్లు మించొద్దు. వెనక తెల్ల బోర్డు మీద నల్లటి పెద్ద అక్షరాలతో ఇంగ్లిష్‌లో 'ఆన్ టో' అని రాయించండి. దగ్గర్లోని వర్క్‌షాప్ అని ఉంది కాబట్టి హన్మకొండలో ఇన్ని షెడ్లు పెట్టుకొని ములుగు ఎందుకు అని అడిగితే నీ దగ్గర జవాబేంటి? నా సలహా అడిగితే లోబెడ్ ట్రెయిలర్ (బండినే మీద ఎక్కించుకుపోయే, ఎత్తు తక్కువ ట్రెయిలర్) మాట్లాడు. ఖర్చు ఎక్కువే గానీ ఈ బాధలేవీ ఉండవు.

గుడెప్పాడ్_క్రాస్:

లోబెడ్ దొరికితే అదే మంచిది, ఒప్పుకుంటా. దొరకక గుంజాల్సే వస్తే ఈ రోడ్డు మీద రోజూ తిరిగేవాడిగా చెప్తున్నా. 163 నేషనల్ హైవే మీద ఆత్మకూరు దాకా పర్లేదు. గుడెప్పాడ్ దగ్గర పరకాల రోడ్డు కలుస్తుంది, బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు అక్కడ మీదమీదికే వస్తాయి. పాతికలో పోయే జోడు బండ్లను చూసి వెనకోళ్లకు ఓపిక ఉండదు, రాంగ్ సైడ్‌లో కొట్టుకొస్తారు. అందుకే మల్లంపల్లి దాకా రెండు మూడుచోట్ల పక్కకు దింపి వెనకవాళ్లను పోనివ్వండి. పక్కకు అంటే గట్టి షోల్డర్ (రోడ్డు అంచు) మీదికి, నల్లరేగడిలోకి కాదు. వానాకాలంలో ఆ మట్టిలోకి దిగితే రెండు స్టాలియన్లను గుంజడానికి మూడోది కావాలి.

జాకారం దాటాక గట్టమ్మ గుట్ట దగ్గర ఇంకో ఇబ్బంది. వచ్చేపోయే బండ్లన్నీ అమ్మకు మొక్కడానికి ఆగుతాయి, రోడ్డు మీదే జనం ఉంటారు. దిగుడు మొదలుకాకముందే చిన్న గేర్ వేసుకొని ఇంజన్ బ్రేక్ మీదే దింపండి, మధ్యలో గేర్ మార్చొద్దు, క్లచ్ తొక్కొద్దు. మేడారం జాతర ముందు నెలలో, ఆదివారాల్లో అసలు పెట్టుకోకండి. చీకటి పడితే ఎక్కడున్నా ఆపేయండి. వెనక బండికి పక్కల నిండా రేడియం పట్టీలు అంటించండి, ఇంకో కారు నాలుగు లైట్లూ వేసుకొని వెనకాల రావాలి.

వైర్‌రోప్_సైదులు:

సరే అన్నా, బార్ మంచిదే, ఒప్పుకున్నా. కానీ వెనక డ్రైవర్‌కు ఏం చెప్పాలో ఎవరూ చెప్పట్లేదు. పవర్ స్టీరింగ్ ఉండదు కదా.

పాత_ఈఎంఈ:

మంచి ప్రశ్న అడిగావు. ఆ 'ఏ' ఆకారం బార్ వేస్తే వెనక బండి ముందు చక్రాలు బార్ వెంబడి అవే తిరుగుతాయి. స్టీరింగ్‌తో కొట్లాడొద్దు, వదులుగా పట్టుకుంటే చాలు. బొటనవేళ్లు స్టీరింగ్ పుల్లల లోపల పెట్టొద్దు, గుంతలో పడినప్పుడు స్టీరింగ్ గిర్రున తిరిగి వేలు విరుస్తుంది. బ్రేక్ ముందు బండి వేశాక మెల్లగా తోడివ్వాలి, తనే ముందు వేస్తే బార్‌ను వెనక్కి లాగినట్టవుతుంది. ఎయిర్ గేజ్ మీద కన్ను ఉండాలి, ముల్లు పడుతుంటే హారన్ కొట్టాలి. అందుకే బ్యాటరీలు బాగున్నాయో లేదో చూసుకోండి, ఆ బండి 24 వోల్టులది, కారు బ్యాటరీ ఒకటి పెడితే హారన్ సరిగా మోగదు, లైటు సరిగా వెలగదు. ఒక హారన్ అంటే కదులు, రెండంటే ఆపు. ఫోన్‌ను నమ్ముకోవద్దు.

ములుగు_క్వారీ:

అందరికీ థ్యాంక్స్. మా బావకు మొత్తం చదివి వినిపించా. మొదట నవ్వాడు, రిలీజ్ బోల్ట్ ముచ్చట దగ్గర ఆగి మళ్లీ చదవమన్నాడు. టెంపరరీ రిజిస్ట్రేషన్‌కు రేపు ఆర్టీఏకు పోతున్నాం. అది చేతికొచ్చేలోపు లోబెడ్‌కు ఇద్దరిని రేటు అడుగుతా, బేరం కుదిరితే అదే, కుదరకపోతే హెడ్ పని హన్మకొండలోనే చేయించి సొంత ఇంజన్ మీద తెచ్చుకుంటాం. అయినా యార్డు నుంచి హన్మకొండలోని మెకానిక్ షెడ్డు దాకా రెండు కిలోమీటర్లు గుంజక తప్పదు. దానికి కూడా బార్ కావాలంటారా?

పాత_ఈఎంఈ:

కావాలి. హోస్ కూడా. నా దగ్గర ఆర్మీ బార్ ఒకటి ఉంది, కాజీపేటలో. వచ్చి తీసుకుపో, పని అయ్యాక తెచ్చివ్వు. లాక్ పిన్ మాత్రం దాంతో లేదు, కొత్తది కొనుక్కో.